టోపీ తిరగేసి చూసే ఊరు

స్కాట్లండ్‌లోని అబెర్డీన్‌లో సాయంత్రం ఓడ ఎక్కితే మర్నాడు పొద్దున ఏడున్నరకి లెర్విక్‌లో దింపుతుంది. షెట్‌ల్యాండ్ దీవుల్లో పెద్ద ఊరు అదే. ఓడలో భోజనాల దగ్గర కూర్చున్నప్పుడే ఒకటి గమనించాను. పక్క బల్ల మీదావిడ టోపీ, కిటికీ దగ్గర ముసలాయన టోపీ, నా టోపీ, మూడింటి మీదా ఒకటే డిజైను. రంగులు మాత్రం వేరు. ఒకళ్ల పేరు ఒకళ్లకి తెలియకుండానే నవ్వుకున్నాం.

అందరం వెళ్తున్నది షెట్‌ల్యాండ్ వూల్ వీక్ అనే ఊలు అల్లికల పండగకి. అది 2010లో మొదలైంది. ఏటా సెప్టెంబరు చివర్లో జరుగుతుంది. కొన్ని నెలల ముందే ఆ ఏడాది టోపీ ప్యాటర్న్ అందరికీ ఉచితంగా ఇస్తారు. అది ఎవరింట్లో వాళ్లు అల్లుకుని, పెట్టుకుని వస్తారు. నేను నాది మూడు నెలలు అల్లాను. ఫెయిర్ ఐల్ అల్లిక నాకు కొత్త. ఒక్కో వరసలో రెండే రంగులు ఉంటాయి. పైకి కనిపించని రంగు దారం లోపలి వైపు అడ్డంగా సాగుతుంది. పన్నెండో వరసలో నేను ఆ దారాన్ని బిగించి లాగేశాను, అక్కడ టోపీ ముడుచుకుపోయింది. పెట్టుకుంటే తెలియదులే అనుకుని వదిలేశాను.

మొదటి రోజు సాయంత్రం ఒక హాల్లో అల్లికవాళ్లంతా చేరారు. ఎవరు పూర్తి చేసినవి వాళ్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. స్వెట్టర్లు, చేతి తొడుగులు, పిల్లల గౌన్లు, సాలెగూడంత పల్చటి శాలువాలు. బాగుందని చెప్పి ఎవరూ ఊరుకోవడం లేదు. చేతిలోకి తీసుకోవడం, వెంటనే తిరగేయడం! ముందు వైపు ఒక చూపు చూస్తే, లోపలి వైపు రెండు నిమిషాలు చూస్తున్నారు. చేసినామె పక్కనే నిలబడి, ఏ వరస దగ్గర విప్పి మళ్లీ అల్లిందో చెబుతోంది. అది చూసి నాకు టెన్షన్ మొదలైంది.

నా టోపీ అందుకున్నావిడకి డెబ్భై ఏళ్లు దాటి ఉంటాయి. నడుముకి తోలు బెల్టు ఉంది, దాని మీద చిల్లుల దిండు. వీళ్లు దాన్ని మ్యాకిన్ బెల్ట్ అంటారు. ఒక సూది కొనని ఆ చిల్లులో గుచ్చితే సూది బరువు నడుము మోస్తుంది, చేయి ఊలు పనికే ఉంటుంది. ఆవిడ టోపీ తిరగేసి, బొటనవేలితో తడుముకుంటూ వచ్చి సరిగ్గా పన్నెండో వరస దగ్గర ఆగింది.

"ఇక్కడ తొందరపడ్డావు" అంది. మందలింపు కాదు, ఉన్నమాట చెప్పింది. తర్వాత తన అల్లిక నా చేతికిచ్చి, రంగు మార్చే ముందు సూది మీద ఉన్న కుట్లని వేళ్లతో వెడల్పుగా సర్ది చూపించింది. అంతే. దారం తనకి కావలసినంత పొడవు తనే తీసుకుంది. పుస్తకాల్లో నేను ఎన్నోసార్లు చదివిన సంగతే అది. చేతిలో పట్టుకున్నాకే అర్థమైంది.

మర్నాడు హేస్ డాక్ ఒడ్డున ఉన్న మ్యూజియంకి వెళ్లాను. అక్కడ పాత ఫోటోల ముందు చాలాసేపు నిలబడిపోయాను. వీపు మీద బుట్టనిండా పీట్, అంటే పొయ్యిలోకి ఎండబెట్టిన, మొక్కలు కుళ్లి తయారైన చిత్తడినేల మట్టి ముద్దలు, చేతుల్లో అల్లిక, కాళ్లు దారి మీద. అలా నడుస్తూనే అల్లేవాళ్లట ఆడవాళ్లు. అంత కష్టానికీ చేతికి డబ్బు రాలేదు. అల్లినదానికి బదులు వ్యాపారులు టీ, బట్ట లాంటి సరుకులు ఇచ్చేవాళ్లు. 1872లో ప్రభుత్వం దీని మీద విచారణ చేయించింది, ఆ ఆడవాళ్లు వచ్చి తమ మాట చెప్పుకున్నారు. వాళ్లు చేసిన లేసు శాలువా ఒకటి పెళ్లి ఉంగరంలోంచి దూరిపోయేంత సన్నం. నిన్న బల్ల దగ్గర ప్రతి కుట్టునీ అంత గౌరవంగా ఎందుకు చూశారో ఆ గది నాకు చెప్పింది. ఒకప్పుడు ఈ పని విలువని కొనేవాడే కట్టాడు, అదీ తక్కువ చేసి. ఇప్పుడు చేసేవాళ్లే ఒకళ్లది ఒకళ్లు కడుతున్నారు. ఈ యాత్రలో నా మనసుకి బాగా తాకింది ఇదే.

తిరిగొచ్చే ముందు జేమీసన్ అండ్ స్మిత్ కొట్టుకి వెళ్లాను. ఇక్కడి రైతుల దగ్గర ఉన్ని కొని చేత్తోనే రకాలు వేరు చేస్తారు. గొర్రె మెడ దగ్గరిది అన్నిటికంటే మెత్తన. రంగు వేయని ఊలుకీ సొంత పేర్లున్నాయి. ఎర్రమట్టి గోధుమరంగుది మూరిట్, ముదురు బూడిదరంగుది షేలా. ఆ రెండూ తీసుకున్నాను. రంగురంగుల ఊలు పేర్చిన గోడ ముందు ఎవరో తెలియని అమ్మాయి నా టోపీ అడిగి తీసుకుంది. ఆమె తిరగేయబోతుంటే నేనే చెప్పాను, పన్నెండో వరస చూడమని. తనది తీసి చూపించింది, ఆమెకి ఇరవయ్యో వరస దగ్గర.

రాత్రి ఓడలో కిటికీ పక్కన కూర్చుని మళ్లీ అదే టోపీ మొదలుపెట్టాను. సముద్రం బాగా ఊగుతోంది. రంగు మారిన ప్రతిసారీ ఆగి, కుట్లు వేళ్లతో సర్ది, అప్పుడు ముందుకి వెళ్లాను. అబెర్డీన్ దీపాలు కనిపించేసరికి పన్నెండో వరస అయింది. తిరగేసి చూశాను. షేలా దారం మూరిట్ వెనక వదులుగా, తిన్నగా సాగుతోంది.