ములుగు ఎక్కడికి పోయింది?

మంగళవారం, రాత్రి పదిన్నర.

ఈ రోజంతా ఒకే ఒక్క పట్టికతో గడిచింది. బడిపిల్లల కంటి పరీక్ష శిబిరాల్లో రేచీకటి ఉన్న పిల్లలు ఏ జిల్లాలో, ఏ నెలలో ఎందరు కనబడ్డారో ఒక్క పేజీలో చూపమని మేడమ్ నిన్ననే చెప్పారు. ఎక్సెల్‌లో తెలంగాణ 33 జిల్లాల పేర్లు అడ్డు వరుసలకూ 12 నెలలు నిలువు వరుసలకూ పెట్టి, జిల్లా, నెల రెండూ సరిపోయిన పేర్లను లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్స్ సూత్రం రాసి కిందికి లాగాను. 396 గడుల్లో ఎక్కడ చూసినా సున్నలే. వడగళ్లు పడ్డ పెరడులా ఉంది. ఆప్షన్స్‌లోకి వెళ్లి సున్నలు కనబడకుండా చేశాను. అప్పుడు బోసిగా మిగిలిన వరుసలను, మొత్తం సున్న ఉన్నవాటిని ఫిల్టర్‌తో దాచేశాను. పట్టిక ఒక్క పేజీలో చక్కగా కుదిరింది. దాచిన తరువాత కూడా చివరి మొత్తం మారలేదు కాబట్టి తప్పేమీ జరగలేదనుకున్నాను. సున్నలను దాస్తే మొత్తం ఎలా మారుతుంది? ఆ మాత్రం ఆలోచన పొద్దున్నే వచ్చి ఉంటే మధ్యాహ్నం భోజనం వేళకు తినేదాన్ని.

పన్నెండింటికి ములుగు వైపు శిబిరాలు చూసే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ములుగుల మనం శిబిరం పెట్టినం గదా, పట్టికల పేరే కనిపిస్తలేదేంది?" అన్నాడు. నిజమే. అక్కడ శిబిరం జరిగింది, పిల్లలందరినీ చూశారు, ఒక్కరికీ రేచీకటి లేదు. ఆ "ఒక్కరికీ లేదు" అన్న మాట తెలుసుకోవడానికే వాళ్లు అంత దూరం వెళ్లి వచ్చారు. అసలు శిబిరమే జరగని జిల్లాలతో కలిపి నేను ఆ జిల్లాను కూడా మాయం చేశాను. నా దగ్గరున్న జాబితాలో దోషం ఉన్న పిల్లల పేర్లే ఉంటాయి కాబట్టి, వెళ్లి చూసి ఎవరూ కనబడకపోవడానికీ అసలు వెళ్లకపోవడానికీ తేడా ఆ సూత్రానికి తెలియదు. రెండింటికీ అది సున్నే ఇస్తుంది. జాబితాను తనంతట తానే పట్టికగా కూర్చే పివట్ టేబుల్ వేసి ఉంటే ఇంకా ఘోరం, రికార్డు లేని జిల్లాను అది మనల్ని అడగకుండానే వదిలేస్తుంది.

సగటుల దగ్గరికి వచ్చేసరికి ఇది ఎంత దూరం పోతుందో అర్థమైంది. ఒక జిల్లాలో నాలుగు నెలల్లో నెలకొక్క శిబిరం జరిగి, 6, 2, 0, 0 చొప్పున పిల్లలు కనబడ్డారనుకుందాం. సున్నలను ఖాళీలుగా వదిలేస్తే యావరేజ్ సూత్రం వాటిని లెక్కలోకి తీసుకోదు కనుక సగటు 4 వస్తుంది. శిబిరం లేని మిగతా ఎనిమిది నెలలకూ సున్నలు నింపితే 0.67 వస్తుంది. సరైన జవాబు 2. అవే ఎనిమిది మంది పిల్లలు, మూడు రకాల జిల్లాలు!

మధ్యాహ్నం శిబిరాల రిజిస్టరును వేరే షీటులోకి ఎక్కించి, ఆ నెలలో ఆ జిల్లాలో శిబిరం లేకపోతే గడి ఖాళీగా ఉంచమని, ఉంటే సున్న అయినా సరే అంకె వేయమని సూత్రానికి ముందు ఒక ఇఫ్ షరతు తగిలించాను. సున్నలను మళ్లీ కనబడనిచ్చాను. ఇప్పుడు పూర్తిగా ఖాళీగా ఉన్న వరుసలను దాచడానికి నాకు సంకోచం లేదు, కాకపోతే ఆ జిల్లాల పేర్లను "శిబిరాలు జరగనివి" అని పట్టిక కింద చిన్న అక్షరాల్లో రాశాను.

నిలువు వరుసల్లో మే నెల ఒక్కటే పూర్తిగా ఖాళీ. బడులకు వేసవి సెలవులు కదా అని దాన్ని దాచాను, తీరా చూస్తే పక్కనున్న గ్రాఫులో కూడా మే మాయమై, ఏప్రిల్ గీత నేరుగా జూన్‌కు అతుక్కుంది. దాచిన వరుసలను ఎక్సెల్ మామూలుగా గ్రాఫులో గీయదు. మే నెలను మళ్లీ తెరిచాను.

పాత సంవత్సరాల పట్టికలో మూడో రకం ఖాళీ ఉంది. ములుగు, నారాయణపేట జిల్లాలు 2019 ఫిబ్రవరిలో ఏర్పడ్డాయి. అంతకు ముందు గడులు ఖాళీగా ఉండడానికి శిబిరాలు కారణం కాదు, ఆ జిల్లాలే లేవు. వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ అయింది కాబట్టి ఒక వరుస మధ్యలో ఆగిపోతుంది, ఇంకొకటి అక్కడ మొదలవుతుంది. ఏ వరుసా పూర్తిగా ఖాళీ కాదు కాబట్టి ఏ మీటా వీటిని దాచదు. అలాంటి గడుల్లో అడ్డగీత పెట్టాను. ఆ పాత పేరునూ కొత్త పేరునూ ఒకే వరుసలో కలపాలా అని మేడమ్‌ను అడగాలి.

పట్టిక ఇప్పుడు పేజీన్నర అయింది. మేడమ్ ఒకసారి చూసి, "అక్షరాలు కొంచెం తగ్గించమ్మా" అన్నారు, అంతే. రిజిస్టరులో రెండు శిబిరాలకు తేదీలు లేవు. రేపు ఉదయం తమ్ముడికి ఫోన్ చేసి అడగాలి.