ఏడుసార్లు ‘భయపడకండి’

నిన్న సాయంత్రం ఓఈటీ ఫలితం వచ్చింది, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు పెట్టే ఇంగ్లిషు పరీక్ష అది. స్పీకింగ్‌లో 380. పోయినసారి అదే స్పీకింగ్‌లో 310 వచ్చినప్పుడు మూడు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు నేను. ఈ సంతోషం చల్లారకముందే రాసేయాలి. వారం ఆగితే నేను కూడా అన్నీ తెలిసినదానిలా సలహాలు చెప్పడం మొదలుపెడతాను.

నేను స్టాఫ్ నర్సుని. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం, తర్వాత జీఎన్ఎం నర్సింగ్ కోర్సు. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను, అందులో ఆరేళ్లు సర్జికల్ వార్డులోనే. బ్రిటన్‌లో నర్సుగా చేరాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్, అంటే ఎన్ఎంసీ దగ్గర పేరు నమోదు కావాలి. దానికి ముందు ఇంగ్లిషు వచ్చని రుజువు చూపించాలి. మా వాళ్లు ఎక్కువగా రాసేవి ఐఈఎల్‌టీఎస్, ఓఈటీ. మొదటిదానిలో తిమింగలాల గురించీ, నగరాల్లో ట్రాఫిక్ గురించీ వ్యాసాలు రాయాలి. రెండోది ఆసుపత్రి చుట్టూనే తిరుగుతుంది. పుట్టినప్పటి నుంచీ తిమింగలాన్ని చూడని దాన్ని కాబట్టి ఓఈటీకే డబ్బు కట్టాను. ఈ పరీక్ష పుట్టింది ఆస్ట్రేలియాలో, రుసుము కూడా అక్కడి డాలర్లలోనే కట్టాను. 587 డాలర్లు, మన డబ్బుల్లో ముప్పై వేలు దాటింది. రైటింగ్‌లో 300, మిగతా మూడింటిలో 350 వస్తే ఎన్ఎంసీకి చాలు.

దరఖాస్తు నింపడం పావుగంట పని. పాస్‌పోర్టులో మీ పేరు, ఇంటిపేరు ఏ గడిలో ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా అలాగే నింపండి.

లిజనింగ్ ఒక్కసారే వినిపిస్తారు. మొత్తం 42 ప్రశ్నలు, అందులో 24 రోగి చెప్పే మాటలు వింటూ నింపాల్సిన ఖాళీలు. రెండు నెలల పాటు రాత్రి డ్యూటీ దిగి బస్సులో ఇంటికొచ్చేటప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బ్రిటన్, ఆస్ట్రేలియా వాళ్ల ఆరోగ్య కార్యక్రమాలు విన్నాను. మొదటిసారే 360 వచ్చింది. మా బ్యాచ్‌లో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిషు మీడియంలో చదివిన అమ్మాయికి 330. చెప్పుకోకూడదు గానీ చెబుతున్నాను.

రీడింగ్ మొదటి భాగంలో 15 నిమిషాలకు 20 ప్రశ్నలు. అక్కడ చదువుతూ కూర్చుంటే అయినట్టే. రాత్రి రెండింటికి డాక్టరు ఫోన్ చేసి పొటాషియం ఎంత ఉందని అడిగితే కేస్ షీటులో ఎలా వెతుకుతామో అలా వెతకాలి. 350 వచ్చింది, అంచు మీద నిలబడి గట్టెక్కాను.

రైటింగ్ అంటే రోగిని మరొకరికి అప్పగిస్తూ రాసే ఉత్తరం, 180 నుంచి 200 పదాలు. నోట్సులో ఉన్నదంతా ఉత్తరంలోకి దించేయమని మా కోచింగ్ సెంటర్‌లో చెప్పారు. శుద్ధ తప్పు. ఉత్తరం అందుకునే మనిషికి అక్కర్లేనిది వదిలేయడానికీ మార్కులుంటాయి. మోకాలి వ్యాయామాల కోసం ఫిజియోథెరపిస్టుకు రాస్తూ, రోగికి చిన్నప్పుడు టాన్సిల్స్ తీసిన సంగతి చెప్పడం ఎందుకు? నేను సగం వాళ్ల మాట విని, సగం విననందుకు 320 వచ్చింది.

ఇక స్పీకింగ్.

ఆ కోచింగ్ సెంటర్ పేరు రాయను, రాస్తే నా నోరు నా మాట వినదు. అక్కడి సారు మాకు ఒక జిరాక్స్ కాగితం ఇచ్చారు. అందులో నలభై వాక్యాలు, వరస నంబర్లతో. ఒకటి నుంచి పది వరకు సానుభూతి. పదకొండు నుంచి ఇరవై వరకు ధైర్యం చెప్పడం. అలా సాగుతుంది. ‘‘రోగి ఏడిస్తే మూడో నంబరు వాడు, కోప్పడితే ఏడో నంబరు వాడు’’ అనేవారు. సాధన చేయించేటప్పుడు సారే రోగి. కుర్చీలో వెనక్కి వాలి మూలిగేవారు. మేము నంబర్లు అప్పజెప్పేవాళ్లం. మూడో నిమిషానికల్లా ఆ రోగి కచ్చితంగా ఒప్పుకునేవాడు. తొమ్మిదేళ్ల సర్వీసులో అంత మంచి రోగిని నేను చూడలేదు, అయినా అనుమానం రాలేదు నాకు.

పరీక్ష హైదరాబాద్‌లో. చిన్న గది, బల్ల, దాని మీద రికార్డరు, ఎదురుగా నీలం అంచు కాటన్ చీరలో యాభై ఏళ్లావిడ. ముందు ఊరూ పేరూ, ఉద్యోగం గురించి కాసేపు కబుర్లు, వాటికి మార్కులు ఉండవు. తర్వాత రెండు సన్నివేశాలు, ఒక్కోదానికి కార్డు చదువుకోవడానికి మూడు నిమిషాలు, మాట్లాడటానికి సుమారు అయిదు. ఆవిడ రోగి, నేను నర్సుని. మొదటిది ఎలాగో నడిచింది. రెండోదాన్ని, కార్డులో ఉన్నది ఉన్నట్టు చెప్పకూడదు కాబట్టి, స్థూలంగా చెబుతాను. ఆపరేషన్ అయిన మర్నాడే రోగి ఇంటికి వెళ్లిపోతానంటుంది. ఉండమని నచ్చజెప్పాలి. కార్డు చూడగానే నవ్వొచ్చింది. ఈ పని నేను వారానికి నాలుగుసార్లు చేస్తాను.

‘‘నేను ఇవాళే ఇంటికి వెళ్లాలి’’ అన్నారావిడ, ఇంగ్లిషులోనే.

‘‘డోంట్ వరీ’’ అని మొదలుపెట్టాను. కుట్లు, చీము, జ్వరం, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం, ఒక్క ఊపులో అన్నీ చెప్పేశాను.

‘‘అది సరే. నాకు ఇంటి దగ్గర పని ఉంది’’ అన్నారు.

మూడో నంబరు సానుభూతి వదిలాను. మీ బాధ నాకు అర్థమవుతోంది అని. ఆవిడ బాధలో లేరు. కొంచెం విసుగ్గా ఉన్నారంతే. మళ్లీ కుట్లు, మళ్లీ చీము. ‘‘కానీ ఇంటి దగ్గర...’’ అని ఆవిడ అందుకునేలోపే, ‘‘డోంట్ వరీ, అన్నీ మేము చూసుకుంటాం’’ అన్నాను.

ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. ‘‘మీరు చూసుకుంటారా? మా ఇంటికి వెళ్లి?’’

నా దగ్గర దానికి నంబరు లేదు. నలభై వాక్యాలూ ఒక్కసారిగా బుర్రలోంచి ఎగిరిపోయాయి. వార్డులో అయితే ఇలాంటప్పుడు బీపీ మిషను తీసి పక్క మంచం దగ్గరకు వెళ్లిపోతాను. ఇక్కడ పక్క మంచం లేదు. ఇంకా సగం సమయం మిగిలే ఉంది. ఇంకోసారి ‘డోంట్ వరీ’ అన్నాను, అప్పటికి అది ఏడోది. బయటకొచ్చాక లెక్కపెట్టుకున్నాను. ఆవిడ కార్డు వంక చూశారు, నేను రికార్డరు మీద వెలుగుతున్న చిన్న ఎర్ర దీపం వంక చూశాను. ఇద్దరం అలా కూర్చున్నాం. తొమ్మిదేళ్ల సర్వీసు, ఎదుటి మనిషితో మాట్లాడటానికి మాట లేదు.

310 వచ్చాక ముందు ఆవిడనే తిట్టుకున్నాను, కావాలనే ఇరుకున పెట్టిందని. మా వార్డులోని మలయాళీ సిస్టర్ నా పెడబొబ్బలన్నీ విని, అసలు మార్కులు వేసేది ఆవిడ కాదని చెప్పింది. ఆ రికార్డింగు వేరే పరీక్షకుల దగ్గరకు వెళ్తుంది, వాళ్లు మన ముఖం కూడా చూడరు. మార్కులు ఎలా వేస్తారో ఓఈటీ వాళ్లే తమ వెబ్‌సైటులో ఉచితంగా పెట్టారు. వేలకు వేలు పోసిన కోచింగ్‌లో ఆ కాగితం ఒక్కరూ చూపించలేదు. భాషకు సంబంధించినవి నాలుగు అంశాలు, ఒక్కోదానికి 6 మార్కులు. రోగితో వ్యవహరించే తీరుకు అయిదు అంశాలు, ఒక్కోదానికి 3. ఆ అయిదింటిలో ఒకటి, రోగి ఏమనుకుంటున్నాడో, దేనికి జంకుతున్నాడో, ఏం ఆశిస్తున్నాడో కనుక్కోవడం. కనుక్కుని, చెప్పే మాటను దానికి తగ్గట్టు చెప్పడం. నేను కనుక్కోలేదు. ఆవిడ రెండుసార్లు తలుపు తీస్తే రెండుసార్లూ నేనే వేసేశాను.

మన వార్డుల్లో ఇది ఎవరు నేర్పారు గనక? ఒక్కో నర్సుకు పద్దెనిమిది మంది. నొప్పి ఉందా, జ్వరం ఉందా, విరేచనం అయిందా, జవాబు పూర్తిగా వినకముందే తర్వాతి మంచం. మందులు మానేసిన ముసలాయనను ‘‘చదువుకున్నవాడివే కదా తాతా, బుద్ధి ఉండక్కర్లేదా’’ అని గదమాయిస్తాం. ఆయన నవ్వుతాడు, మనమూ నవ్వుతాం, దాన్నే ఆప్యాయత అనుకుంటాం. కొంతవరకు ఆప్యాయతే. కానీ మందులు ఎందుకు మానేశాడో మాత్రం ఆ కేస్ షీటులో ఎక్కడా ఉండదు.

సాధన చేయడానికి ఎవరూ దొరకలేదు. మా ఆయన పది నిమిషాలు రోగిగా కూర్చుని నిద్రపోయాడు. మిగిలింది అమ్మ. అమ్మకు ఇంగ్లిషు రాదు. సరే, ముందు తెలుగులోనే అడుగుదాం, పద్ధతి నోటికి అలవాటయ్యాక ఇంగ్లిషు చూసుకోవచ్చు అనుకున్నాను. అమ్మకు పదిహేనేళ్లుగా షుగరు. మాత్రలతో ఆగడం లేదు, ఇన్సులిన్ మొదలుపెట్టమని డాక్టరు నాలుగేళ్లుగా చెబుతున్నాడు, అమ్మ ససేమిరా అంటోంది. ఈ నాలుగేళ్లూ నేను చేసింది అరవడమే.

చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని, కార్డులో ఉన్నట్టే, ‘‘ఇన్సులిన్ అంటే నీకు ఏమనిపిస్తుందమ్మా?’’ అని అడిగాను.

‘‘ఏమిటే కొత్తగా?’’ అంది.

నేను మాట్లాడలేదు. మామూలుగా అయితే ఆ ఖాళీలో నాలుగు మాటలు దూర్చేసేదాన్ని. అమ్మ ఇంకో రెండు కాయలు ఈనె తీసి పళ్లెంలో వేసింది.

‘‘మీ పెద్దమ్మకు సూదులు మొదలుపెట్టిన ఆరు నెలలకే కాలు తీసేశారు’’ అంది.

పెద్దమ్మకు కాలు తీసిన సంగతి నాకు తెలుసు. సూదులు ఆలస్యంగా మొదలుపెట్టారనీ, అప్పటికే పుండు ఎముక దాకా వెళ్లిందనీ కూడా తెలుసు. అమ్మ లెక్కలో మాత్రం సూది వల్లే కాలు పోయింది. నర్సు కూతురిని ఇంట్లో పెట్టుకుని నాలుగేళ్లు ఆ భయాన్ని మోసింది. నేను అడగలేదు, తను చెప్పలేదు. ఇన్సులిన్ మొదలుపెట్టిందా అంటే, ఇంకా లేదు. డాక్టరు దగ్గరకు ఇంకోసారి వస్తానంది.

ఆ తర్వాత నలభై రోజులు ఇదే పని. మాటల్లోనూ చాలా కలుపు ఏరాను. మనం ఆసుపత్రుల్లో ఇంగ్లిషు అనుకుని మాట్లాడేది చాలావరకు మనకే అర్థమయ్యే ఇంగ్లిషు. ‘మోషన్’, ‘షుగర్’, ‘పెయినింగ్’, చనిపోతే ‘ఎక్స్‌పైర్ అయ్యారు’, ఇవన్నీ పక్కన పెట్టాలి. బ్రిటన్ వాళ్లకు ఎక్స్‌పైర్ అయ్యేది పాల ప్యాకెట్టు. ‘ఊండ్’ అనాల్సిన చోట ‘వౌండ్’ అంటున్నానని తొమ్మిదేళ్ల తర్వాత తెలిసింది. డ్రెస్సింగ్ ట్రే తోసుకుంటూ రోజుకు యాభైసార్లు పలికే మాట అది.

రెండోసారి నాలుగు పరీక్షలూ మళ్లీ రాశాను, మళ్లీ అదే 587 డాలర్లు. ఈసారి ఎదురుగా కూర్చున్నది ఒక కుర్రవాడు, మందులు మధ్యలో ఆపేసిన రోగి పాత్ర. ఎందుకు ఆపేశారని నిలదీయలేదు. మందులు వేసుకోవడం ఎలా సాగుతోందని అడిగి, నోరు మూసుకున్నాను. నాలుగు సెకన్లు గడిచి ఉంటాయి. పరీక్ష గదిలో నాలుగు సెకన్లు ఎంత పొడుగో అక్కడ కూర్చున్నవాళ్లకే తెలుసు. అప్పుడతను చెప్పడం మొదలుపెట్టాడు, నేను అతను చెప్పినదాన్ని పట్టుకునే నడిచాను. జిరాక్స్ కాగితంలోని ఒక్క నంబరూ వాడలేదు.

మరి రీడింగ్? 340! స్పీకింగ్ మీద పడి దాన్ని గాలికి వదిలేశాను. అయినా బతికిపోయాను. 12 నెలల లోపు రాసిన రెండు పరీక్షల మార్కులను ఎన్ఎంసీ కలిపి చూస్తుంది, రెండింటిలోనూ ఏ విభాగమూ మరీ కిందికి పడిపోకుండా ఉంటే చాలు. లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 300కు తగ్గకూడదు. రీడింగ్‌కు మొదటిసారి వచ్చిన 350, స్పీకింగ్‌కు ఈసారి వచ్చిన 380 లెక్కలోకి వచ్చాయి. మూడొందలు దాటింది కాబట్టి నా 310 కూడా అలా పనికొచ్చింది, మూడు రోజులు దాన్ని అన్నన్ని మాటలు అన్నందుకు ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉంది.

ఇంకొక్క మాట చెప్పాలి. మొదటిసారి తప్పిన వారానికే ఒక ఏజెంటు ఫోన్ చేశాడు, పరీక్ష రాయకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తాడట. నా ఫలితం అతనికెలా తెలిసిందో ఆ భగవంతుడికే తెలియాలి, కోచింగ్ సెంటర్‌కు కూడా తెలిసే ఉంటుంది. ఎన్ఎంసీ మన చేతిలోని కాగితాన్ని నమ్మదు, మార్కులను ఓఈటీ దగ్గరే ఆన్‌లైన్‌లో సరిచూసుకుంటుంది. పైగా విదేశీ నర్సుల నియామకాలకు బ్రిటన్ ప్రభుత్వం పెట్టిన నియమావళి ప్రకారం, ఉద్యోగం ఇప్పించినందుకు ఏజెన్సీలు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా అడిగితే ఫోన్ పెట్టేయండి. నేను పెట్టేసే ముందు ఇంకో రెండు మాటలు కూడా అన్నాను, అవి ఇక్కడ రాయను.

తర్వాతది కంప్యూటర్ మీద రాసే సీబీటీ, అది నర్సింగే కాబట్టి బెంగ లేదు. నిన్న రాత్రి అన్నాలప్పుడు మొదటిసారి పరీక్ష గదిలో జరిగిందంతా అమ్మకు మొదటి నుంచీ చెప్పాను. ఇన్నాళ్లూ సిగ్గుపడి చెప్పలేదు. నీలం అంచు చీర, ఏడు ‘డోంట్ వరీ’లు, ఎర్ర దీపం, అన్నీ. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మ నవ్వలేదు. మజ్జిగ పోసుకుంటూ ఆగి, ‘‘ఇంతకీ ఆవిడకు ఇంటి దగ్గర పని ఏమిటట?’’ అంది.