వంత

నవంబర్ 27, శనివారం.

మా వీధి ఒడియా వాళ్ళకు కార్తీకం పున్నమితోనే అయిపోయింది. పంచుక ఐదు రోజులూ నిష్ఠగా ఉన్నారు, మర్నాడు ఛాడఖాయి, అంటే మళ్ళీ నీచు తినే రోజు, అంటూ చేపల బజారుకు కదిలారు. మనకి అమావాస్య దాకా ఉంది. పర్లాకిమిడిలో ఒకే గోడకి అటూ ఇటూ రెండు కార్తీకాలు నడుస్తాయి. మా రామమందిరంలో భజన కూడా అమావాస్య దాకా ప్రతి రాత్రీ ఉంటుంది.

పొద్దున షాపు తెరిచాను గానీ పెద్దగా గిరాకీ లేదు. ఎవరో ఆధార్ కాపీలు రెండు తీయించుకున్నారు, ఒక పెద్దాయన పాత పట్టా జిరాక్స్ తీయించుకుని చిల్లర కోసం పది నిమిషాలు కూర్చున్నాడు. అంతే. నోటుబుక్కు తీసి పెట్టుకున్నాను. పది రోజులుగా చేస్తున్న పని ఇది, భజన పాటల్ని ఒడియా లిపిలో రాయడం. ఈ ఏడాది భజనలోకి కొత్తగా నలుగురు గుంటలు, అంటే పిల్లలు, వచ్చారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, తిట్టుకునేదీ తెలుగులోనే, చదువు మాత్రం ఒడియా మీడియం. తెలుగు పుస్తకం చేతిలో పెడితే తిప్పి ఇచ్చేస్తారు. చదవడం రాదని చెప్పడానికి సిగ్గు.

లిపి మార్చడమంటే సులువనుకున్నాను. మొదటి పాటలోనే చిక్కు తెలిసింది. ఒడియాలో ఎ, ఏలకు ఒకటే అక్షరం. ఒ, ఓలకూ అంతే. 'కొండ' అని రాసిస్తే 'కోండ' అని చదువుతారు. మెడా మేడా ఒకటైపోతాయి. అంతకంటే పెద్ద చిక్కు అకారం. ఒడియాలో దాన్ని నోరు గుండ్రంగా పెట్టి, 'ఒ'కి దగ్గరగా పలుకుతారు. 'రామ' అని రాస్తే గుంటలు 'రామొ' అంటారు. మా పాటల్లో ఆ చివరి అకారాన్నే నాలుగు మాత్రలు సాగదీయాలి. ముందు వరసలో పెద్దవాళ్ళు 'రామ' అని నోరు తెరిచి సాగదీస్తుంటే, వెనక నలుగురు 'రామొ' అని సాగదీస్తారు. శ్రుతి కలుస్తుంది, పాట కలవదు. అందుకని గుర్తులు పెట్టుకున్నాను. పొట్టిగా పలకాల్సిన ఎ, ఒల మీద ఎర్ర పెన్నుతో చుక్క. నోరు తెరిచి పలకాల్సిన అకారం కింద గీత. ఒక్కో పేజీకి అరగంట పడుతోంది.

ఈ ఊళ్ళోనే కదా గిడుగు రామమూర్తి గారు సవర మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసి, సవర పిల్లలకు వాచకాలు తయారుచేసింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా తాతలు వెళ్ళలేదు. ఆంధ్రాలోని పాతపట్నం ఇంత పక్కనే ఉన్నా వెళ్ళలేదు. అందుకే ఇవాళ నేను ఎర్ర పెన్నుతో చుక్కలు పెడుతున్నాను.

పేజీ పైన తారీకు వేస్తుంటే చెయ్యి ఆగింది. నవంబర్ 27.

ఈ తారీకు గురించి నాకు తెలిసింది తన వల్లే. తను బరంపురంలో ఉంటాడు. మూడేళ్ళ కిందట ఒక రాత్రి ఫోన్‌కి వీడియో పంపి "హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను" అన్నాడు. నల్ల కోట్లు వేసుకున్న మగవాళ్ళు, వందమందికి పైగానే, వరసలు కట్టి నిలబడి పాడుతున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో గే మెన్స్ కోరస్. పాట నాకు అర్థం కాలేదు. వాళ్ళ పేరు చదువుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. ఆ మాటని గుంపు పేరులోనే, బోర్డు మీద రాయించుకున్నట్టు పెట్టుకున్నారు. మా దగ్గర ఆ మాటని చీటీ మీద రాసుకోవడానికి కూడా భయపడిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ రాత్రి నుంచి వాళ్ళ చరిత్ర ఎక్కడ దొరికితే అక్కడ చదువుతున్నాను.

కాన్సాస్ పల్లెటూరి నుంచి వచ్చిన జాన్ సిమ్స్ అనే ఆయన ఆ కోరస్ మొదలుపెట్టాడు. మొదటి రిహార్సల్ 1978 అక్టోబర్ 30న. అప్పుడు కాలిఫోర్నియాలో ఒక ప్రతిపాదన ఓటింగ్‌కి రాబోతోంది, ఇలాంటివాళ్ళు బడుల్లో టీచర్లుగా ఉండకూడదని. నవంబర్ 7న జనం దాన్ని ఓడించారు. ఆ సంతోషం ఇరవై రోజులు నిలిచింది. నవంబర్ 27న ఊరి మేయర్ జార్జ్ మాస్కోనినీ, తనెవరో దాచుకోకుండా ఎన్నికల్లో గెలిచిన హార్వీ మిల్క్‌నీ సిటీ హాల్లోనే కాల్చి చంపారు. ఆ రాత్రి వేలమంది కొవ్వొత్తులు పట్టుకుని సిటీ హాల్ దాకా నడిచారు. నాలుగు వారాల వయసున్న ఆ కోరస్ మెట్ల మీద నిలబడి, దేవుణ్ణి శరణు కోరే మెండెల్సన్ కీర్తన ఒకటి పాడింది. జనం ముందు వాళ్ళు పాడిన మొదటి పాట అదే.

నాలుగు వారాలంటే ఎంత? మా గుంటలు భజనలోకి వచ్చి అంతకంటే ఎక్కువే అయింది, ఇంకా ఎత్తుగడ దగ్గర తడబడుతున్నారు. అంత కొత్త గుంపు, సొంత మనిషిని పోగొట్టుకున్న రాత్రి, గొంతు పూడుకుపోకుండా ఎలా పాడింది? ఒక్కడే అయితే పాడలేడు. పక్కవాడి గొంతు ఆగినప్పుడు మనం పట్టుకుంటాం, మన గొంతు ఆగినప్పుడు వాడు పట్టుకుంటాడు, వినేవాళ్ళకి పాట ఎక్కడా తెగినట్టు తెలియదు. మా భజనలో దీన్నే వంత అంటారు. చావు ఇళ్ళల్లో పదకొండో రోజు భజనకి వెళ్ళినప్పుడు నేనిది ఎన్నిసార్లు చూశానో.

వీళ్ళకంటే ముందు ఆడవాళ్ళు మొదలుపెట్టారు, ఆ సంగతి చాలామంది చెప్పరు. 1975లో ఫిలడెల్ఫియాలో కేథరిన్ రోమా అనే ఆమె ఆడవాళ్ళతో ఒక బృందం కట్టి 'ఆనా క్రూసిస్' అని పేరు పెట్టింది. వినడానికి ఒక మనిషి పేరులా ఉంటుంది గానీ అది సంగీతంలో మాట. మొదటి దెబ్బ పడకముందే వచ్చే స్వరాలని అలా అంటారట. మన సంగీతంలో తాళం మొదలవకముందే పాట ఎత్తుకుంటే అతీతం అంటారు కదా, దాదాపు అదే. ఎంత బాగా పెట్టుకున్నారు పేరు! న్యూయార్క్‌లో 1977లో మగవాళ్ళతో మొదలైన ఇంకో బృందం 1979లో ఆడవాళ్ళనీ కలుపుకుని స్టోన్‌వాల్ కోరల్ అయింది. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు దేశమంతా తిరిగి పాడాక ఊరూరా కోరస్‌లు లేచాయి. లండన్‌లో పింక్ సింగర్స్ 1983లో మొదలయ్యారు.

ఆ తర్వాతి కథ చదవడానికి నాకు రెండు నెలలు పట్టింది. నాలుగు పేరాలు చదివి ఆపేసేవాణ్ణి. ఎయిడ్స్ వచ్చింది. జాన్ సిమ్స్ 1984లోనే పోయాడు. ఆ ఒక్క కోరస్‌లోనే 300 మందికి పైగా పోయారు. 1993లో తీసిన ఫోటో ఒకటి ఉంది. కోరస్ అంతా వరసలుగా నిలబడింది. తెల్లబట్టలు కట్టుకున్న కొద్దిమంది మనవైపు చూస్తుంటారు, వాళ్ళు మొదటి బ్యాచ్‌లో మిగిలినవాళ్ళు. మిగతా అందరూ నల్లబట్టల్లో, మనకి వీపులు పెట్టి నిలబడి ఉంటారు, పోయినవాళ్ళకి గుర్తుగా. ఆ నల్ల వీపుల మధ్య తెల్ల చొక్కాలని వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. కోరస్‌లో గొంతుల్ని బట్టి నాలుగు విభాగాలు ఉంటాయి. పోయినవాళ్ళని వాళ్ళు ఐదో విభాగం అంటారు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. విషయం తెలిసింది మా ఇంట్లో తనకొక్కతికే. 2018 సెప్టెంబర్ 6న, మాలాంటివాళ్ళ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రాత్రి చెప్పాను. "అమ్మకి నేను చెప్తాను తమ్ముడూ, నువ్వు తొందరపడకు" అంది. ఇంకా చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇవాళ మాత్రం "అతను వస్తున్నాడా భజనకి?" అని అడిగింది. అతను అంది, నీ ఫ్రెండు అనలేదు.

నా గొంతు సన్నం. ఏడో తరగతిలో ప్రేయర్ పాడే గుంపులో నన్ను పెట్టారు. రెండో రోజునే సారు పక్కకి పిలిచి, "నీది ఆడగొంతు, అందరిదీ చెడిపోతుంది. నోరు ఆడించు, పాడకు" అన్నాడు. రెండేళ్ళు అలాగే నిలబడ్డాను, నోరు ఆడిస్తూ. ఆ సారుని ఇప్పుడు తిట్టాలని లేదు. కానీ రెండేళ్ళు రోజూ పొద్దున్నే పెదాలు కదిపి శబ్దం రాకుండా చూసుకున్న పిల్లాడు నాలో ఇంకా ఉన్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు పాడుతుంటే నాకంటే ముందు ఆ పిల్లాడే వింటాడు.

నన్ను పాడించింది భజనలో తాళాల తాత. ఆయనకి చదువు లేదు. ఇరవై ఏళ్ళ కిందట ఒక శనివారం నేను స్తంభం వెనక కూర్చుని లోలోపల పాడుకుంటుంటే పసిగట్టాడు. "ఏటి బావూ, గొంతు దాచుకుంటావు? పై శ్రుతి మాకెవరికీ అందట్లేదు, నువ్వెత్తు" అన్నాడు. మర్నాటి నుంచి పై శ్రుతి నాదే. అందరూ మంద్రంలో ఉంటే నేను వాళ్ళ మీద నుంచి వెళ్తాను. తాత పోయి రెండేళ్ళయింది. ఆయన ఇత్తడి తాళాలు హార్మోనియం పెట్టె పక్కన మూటలో ఉంటాయి. ఎవరూ ముట్టుకోరు. ముట్టుకోవద్దని ఎవరూ చెప్పలేదు కూడా.

సాయంత్రం నాలుగున్నరకి తను బస్సు దిగాడు. షాపులో బ్యాగు పెట్టి, టీ తాగి, నోటుబుక్కు తిరగేశాడు. తనదీ ఒడియా మీడియమే. ఇంట్లో తెలుగు, అక్షరాలు రావు. "ఈ ఎర్ర చుక్కలేంటి?" అన్నాడు. చెప్పాను. 'కొండ' దగ్గర వేలు పెట్టి నెమ్మదిగా, పొట్టిగా పలికాడు. మళ్ళీ పలికాడు. ఇంతకాలం వాళ్ళ అమ్మ పాడే పాట తను తప్పు పాడుతున్నానని ఇప్పుడే తెలిసిందన్నాడు. ముంబైలో 2014లో మొదలైన రెయిన్‌బో వాయిసెస్ అనే ఇలాంటి కోరస్‌లోనే చేరాలని తనకి చాలాకాలం కోరిక. 2013 చివర్లో సుప్రీంకోర్టు మళ్ళీ నేరమని చెప్పిన మరుసటి ఏడాదే వాళ్ళు గుంపు కట్టారు. ఆ ధైర్యం గురించి ఎప్పుడు మాట్లాడినా తన కళ్ళు తడుస్తాయి. బరంపురంలో ఉద్యోగం, నాన్నకి డయాలసిస్. ముంబై వెళ్ళడం కుదరదు.

ఏడింటికి మందిరానికి వెళ్ళాం. తను వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గుంటలకి నోటుబుక్కు ఇచ్చాను. నలుగురూ ఒకే పుస్తకం మీదకి తలలు వంచారు. మొదటి పాటలో 'రామ' వచ్చింది. ముగ్గురు నోరు తెరిచి సాగదీశారు. నాలుగోవాడు 'రామొ' అనబోయి, పక్కవాడి మోచెయ్యి తగిలి సర్దుకున్నాడు. ముందు వరసలో హార్మోనియం మామయ్య వెనక్కి తిరిగి చూసి తల ఊపాడు.

రెండో పాటకి నేను పైకి వెళ్ళాను. చరణం చివర శ్వాస చాలక గొంతు విడిచాను. రోజూ అక్కడ ఒక ఖాళీ వస్తుంది, మళ్ళీ పల్లవిలో అందుకుంటాను. ఇవాళ ఆ ఖాళీ రాలేదు. వెనక గోడ దగ్గర నుంచి ఒక గొంతు దాన్ని అందుకుని పల్లవి దాకా మోసుకొచ్చింది. నేను తిరిగి చూడలేదు. చూస్తే పాడలేను.

పాట అయ్యాక హార్మోనియం మామయ్య మూట విప్పి ఇత్తడి తాళాలు తీసి తుడిచాడు. "బరంపురం బావూ, ముందుకి రా. చేతులు ఖాళీగా పెట్టుకుని వంత పాడకూడదు" అని చేతికిచ్చాడు. తను వచ్చి గుంటల పక్కన, నోటుబుక్కు కనిపించేలా కూర్చున్నాడు.

మూడో పాటలో 'తొలి' అనాల్సింది అందరూ 'తోలి' అన్నారు. తనూ అన్నాడు. చుక్క పెట్టడం మరిచిపోయాను. రేపు పొద్దున్నే ఆ పేజీ సరిచేయాలి. తను ఎల్లుండి మొదటి బస్సుకి వెళ్తాడు, ఇంకో కాపీ రాసి ఇమ్మన్నాడు.