జెండా బట్ట వెతుక్కుంటూ హుబ్బళ్లికి

జులై చివరి వారంలో ఒక సాయంత్రం బెజవాడలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. హుబ్బళ్లిలో జాతీయ పతాకాలు తయారుచేసే చోటికి వెళుతున్నానని చెబితే, ఎదుటి బెర్తులో కూర్చున్న పెద్దాయన ఆశ్చర్యపోయారు. “జెండా మన పింగళి వెంకయ్యగారిది కదండీ, దాన్ని చూడడానికి కన్నడదేశం వెళ్లడమెందుకు?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. 1916లో బందరు నుంచి ముప్ఫై పతాక నమూనాలతో పుస్తకం ప్రచురించినదీ, 1921లో ఇదే బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాను గాంధీజీకి చూపినదీ వెంకయ్యగారే. తెలుపు పట్టీ, రాట్నం ఆ తరువాత చేరాయి. 1931లో ఎరుపు పోయి కాషాయం, 1947 జులై 22న రాట్నం పోయి అశోక చక్రం వచ్చాయి. ఈ సంగతులన్నీ మాకు బడిలో చెప్పారు. ఆ బట్ట ఎవరు నేస్తారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా బడిలో జెండా ప్రధానోపాధ్యాయుల గదిలో, చెక్క బీరువా పైఅరలో ఉండేది. ఏడాదికి రెండుసార్లు, పంద్రాగస్టుకూ జనవరి ఇరవై ఆరుకూ, దాన్ని బయటికి తీసేవారు. ముందురోజు మేము మైదాపిండి ఉడికించి, పురికొసకు కాగితపు జెండాలు అతికించి, స్తంభం నుంచి నాలుగు వైపులా తోరణాలు కట్టేవాళ్లం. స్తంభం చుట్టూ పేర్చిన ఇటుకలకు సున్నం కొట్టడం పెద్ద తరగతి వాళ్ల పని. తెల్లవారుజామునే నీలిమందు పెట్టిన తెల్లచొక్కాలకు చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసుకుని, ప్రభాతభేరికి బయలుదేరి, ఊరంతా నినాదాలు చెప్పుకుంటూ తిరిగి వచ్చేవాళ్లం. డ్రిల్లు మాస్టారు జెండాలో బంతిపూలరేకులు వేసి మడిచి ముడివేసేవారు. తాడు లాగగానే రేకులు జలజలా రాలేవి. ఆ క్షణంలో పుట్టే పులకింత ఈనాటికీ నాలో చల్లారలేదు.

ఢిల్లీలో ఈ రెండు రోజులకూ పద్ధతి వేరని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ఎర్రకోట మీద ఆగస్టు 15న ప్రధానమంత్రి జెండాను కింది నుంచి పైకి ఎగురవేస్తారు. పరాయి పాలన నుంచి దేశం లేచిన రోజు కనుక. జనవరి 26న అప్పటికే పైన కట్టి ఉంచిన జెండాను రాష్ట్రపతి విప్పుతారు. మా బడిలో రెండు రోజులూ పూలరేకుల ముడే.

మిఠాయి పంచాక ఎవరూ ఇంటికి పరుగెత్తడానికి వీల్లేదు. నేలరాలిన ప్రతి కాగితపు జెండాను ఏరి మాస్టారి చేతికి ఇచ్చాకే సెలవు. సూర్యాస్తమయానికి ముందు జెండా దించడానికి ఆయన మళ్లీ వచ్చేవారు. ఒక ఏడాది నేనూ వెంట వెళ్లాను. కాషాయం, ఆకుపచ్చ పట్టీలను తెలుపు కిందికి మడిచి, ఆపైన రెండు పక్కల నుంచీ లోపలికి మడిచి, చక్రం పైకి కనిపించేలా చేసి, రెండు అరచేతుల మీద బీరువా దాకా నా చేత మోయించారు. బట్ట గరుకుగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఈ ప్రయాణానికి బీజం ఆ బరువే.

బళ్లారిలో తెల్లవారింది. హొసపేట దాటాక తుంగభద్ర నిండుగా కనిపించింది. గదగ్ చుట్టుపక్కలంతా నల్లరేగడి. హుబ్బళ్లి స్టేషనులో 1,507 మీటర్ల పొడవున్న ప్లాట్‌ఫాం మీద చాలాసేపు నడిచి బయటపడి, ఆటోలో బెంగేరి చేరాను.

అక్కడ జెండాలు తయారుచేసే కర్ణాటక ఖాదీ గ్రామోద్యోగ సంయుక్త సంఘం 1957లో ఏర్పడింది. లోపల పనిచేసేవారిలో ఎక్కువమంది స్త్రీలు. నూలు వడకడం, నేయడం, చలువచేసి రంగులద్దడం, చక్రం అచ్చువేయడం, కుట్టడం, తాడూ కొయ్యముక్కా బిగించడం అనే దశలు దాటితే గాని జెండా జెండా కాదు. ఎగిరే భాగానికి ఒక రకం ఖాదీ, తాడు దూరే అంచుకు మరింత మందమైన ‘డక్’ ఖాదీ వాడతారు. నా చేతికి చిన్నప్పుడు తగిలిన గరుకుదనం ఆ అంచుదేనని అక్కడ తెలిసింది. అచ్చు బల్ల దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడ్డాను. ఇరవై నాలుగు ఆకుల చక్రం బట్టకు రెండు వైపులా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగినా ఆ ముక్క పనికిరాదు. బల్ల దగ్గరి ఆవిడను “అక్కా” అని పిలిచాను, కన్నడంలోనూ అక్క అక్కే కనుక. ఆవిడ చూపు బట్ట మీది నుంచి మళ్లించకుండానే నవ్వారు.

మన దేశంలో వస్తువుల నాణ్యతకు రాసుకున్న ప్రమాణాల వరుసలో ఒకటో నంబరు జాతీయ పతాకానిదే. నూలు, నేత, రంగు, కొలత అన్నీ అందులో ఉన్నాయి. 6,300 మిల్లీమీటర్ల పొడవున్న పెద్ద జెండా నుంచి బల్ల మీద పెట్టుకునే 150 మిల్లీమీటర్ల జెండా దాకా తొమ్మిది కొలతలు.

నా చిన్నతనంలో కొన్ని జాతీయ దినాల్లో తప్ప సామాన్యుడు తన ఇంటిమీద జెండా ఎగురవేయడానికి వీలుండేది కాదు. 2002 జనవరి 26న అమలులోకి వచ్చిన పతాక నియమావళి ఆ అడ్డు తొలగించింది. జెండా ఎగురవేయడం పౌరుడి భావప్రకటన స్వేచ్ఛలో భాగమని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మార్పు నాకు మనస్ఫూర్తిగా సంతోషం. జెండా బీరువాలో ఉండిపోవలసిన వస్తువు కాదు. 2021 డిసెంబరులో వచ్చిన సవరణను మాత్రం నేను ఒప్పుకోలేకపోతున్నాను. చేతితో వడికి, చేతితో నేసిన బట్టతోనే జెండా చేయాలన్న నియమం ఆ సవరణతో పోయి, యంత్రం మీద నేసిన పాలియెస్టరుకు కూడా అనుమతి వచ్చింది. ఇంటింటా జెండా ఎగరాలంటే చవకగా దొరకాలన్న వాదన నాకు అర్థమవుతుంది. కాని జెండా మీది నుంచి రాట్నం బొమ్మ వెళ్లిపోయినా, దాని నూలులో రాట్నం డెబ్భై నాలుగేళ్లు నిలిచి ఉంది. బెంగేరిలో ఆ మగ్గపు బట్ట ముట్టుకున్నాక, పోయినది కేవలం ఒక నియమమని నేను అనుకోలేను. 2022 జులైలో చేసిన మరో సవరణతో, ఇంటిమీది జెండాను రాత్రిపూట దించవలసిన అవసరమూ లేకుండా పోయింది.

వచ్చేటప్పుడు మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ఖాదీ జెండా ఒకటి కొన్నాను. ఆగస్టు 15 ఉదయం మా డాబా మీద దాన్ని కింది నుంచి పైకి ఎగురవేశాను. మా వీధిలో ఆ రోజు జెండా లేని ఇల్లు లేదు. మా బడి రోజుల్లో ఊహకైనా అందని దృశ్యమది. పొద్దువాలుతుండగా మా అమ్మాయిని పైకి పిలిచి, మాస్టారు చెప్పినట్టే మడతలు వేయించి, రెండు చేతులూ చాపమన్నాను. “బరువుగా ఉంది నాన్నా” అంది.