లించోలీ నుంచి వెనక్కి

కేదార్‌నాథ్ వెళ్లొచ్చారా అని ఎవరైనా అడిగితే అమ్మ "వెళ్లొచ్చాం" అనే చెబుతుంది. నాకు మాత్రం ఆ మాట వెంటనే నోటికి రాదు. మేం గుడి చూడలేదు. ఇంకో ఐదు కిలోమీటర్లు ఉందనగా వెనక్కి తిరిగాం. అది కూడా అమ్మ వల్ల కాదు, నా వల్ల.

బయల్దేరే ముందు ఇంట్లో అందరి టెన్షన్ అమ్మ గురించే. తనకి 64 ఏళ్లు, బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులు. ఈసీజీ తీయించాం, డాక్టర్‌ని అడిగాం, స్వెటర్లు కొన్నాం. 38 ఏళ్ల నా గురించి ఎవరూ ఆలోచించలేదు, నేను కూడా.

సెప్టెంబర్‌లో అయితే వానలు తగ్గుతాయి, రద్దీ ఉండదు అనుకున్నాం. ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన షెడ్యూల్‌లో మొదటి రోజు హరిద్వార్ నుంచి గుప్తకాశీ, రెండో రోజు పొద్దున్నే గౌరీకుండ్ నుంచి ఎక్కడం, చీకటి పడేలోపు కేదార్‌నాథ్. మధ్యలో ఖాళీ రోజు లేదు. సెలవు కలిసొస్తుందని అప్పుడు సంతోషించాను కూడా. హరిద్వార్ సముద్రమట్టానికి 314 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. రెండు రోజుల్లో అంత ఎత్తుకు ఎక్కితే ఒళ్లు ఏమవుతుందో ఆ కాగితం చూసినప్పుడు నాకు తట్టలేదు.

దేవప్రయాగ, శ్రీనగర్ దాటి రుద్రప్రయాగకి ఇంకాస్త దూరం ఉందనగా బస్సు ఆగింది. ముందు కొండచరియ విరిగిపడింది. జేసీబీ మట్టి తీస్తుంటే పైనుంచి మళ్లీ రాళ్లు జారుతున్నాయి. ఒకతను కొండ వైపే చూస్తూ నిలబడి, రాయి కదిలినప్పుడల్లా విజిల్ వేస్తున్నాడు. విజిల్ వినగానే జేసీబీ వెనక్కి వచ్చేస్తుంది. అలా తొమ్మిది గంటలు. కింద అలకనంద మట్టిరంగులో పారుతోంది.

ఆ తొమ్మిది గంటల్లో బస్సులో వాళ్లంతా చుట్టాలైపోయారు. కేదార్‌నాథ్‌లో భక్తులు లింగానికి నెయ్యి రాస్తారని విని, అమ్మ ఇంట్లో కాచిన నెయ్యి చిన్న స్టీలు డబ్బాలో తెచ్చుకుంది. మూత ఊడిపోకుండా గుడ్డ కట్టి, పక్క సీటు పెద్దావిడకి నాలుగుసార్లు చూపించింది. ఆవిడ కూడా ఓపిగ్గా నాలుగుసార్లూ చూశారు.

గుప్తకాశీ చేరేసరికి రాత్రి ఒంటిగంటన్నర. తెల్లవారుజామున నాలుగింటికి లేపేశారు. ఆలస్యమైంది కాబట్టి ఆ రోజు ఆగుదామని గ్రూపులో ఇద్దరు ముగ్గురు అన్నారు. పైన రూములు బుక్ అయిపోయాయని మేనేజర్ ఒప్పుకోలేదు. నేను కూడా గట్టిగా అడగలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సోన్‌ప్రయాగ దగ్గర బస్సు దిగి, జీపులో గౌరీకుండ్ చేరి, గుర్రాలు మాట్లాడుకున్నాం. ఆ తోపులాటలో మా బ్యాగు వేరే గుర్రం మీదికి వెళ్లిపోయింది. అమ్మ బీపీ మాత్రలు, నా స్వెటర్, నెయ్యి డబ్బా అన్నీ అందులోనే. చూసుకునేసరికి ఆ గుర్రం మలుపు దాటేసింది.

జంగిల్ చట్టి, భీంబలి దాకా బాగానే ఉంది. పక్కనే మందాకిని హోరు. రాంబాడా దగ్గర గుర్రం అతను చెయ్యెత్తి చూపించి, ఇక్కడ ఒక ఊరు ఉండేదమ్మా అన్నాడు. 2013 జూన్ వరదలో దుకాణాలు, లాడ్జీలు, మనుషులు అన్నీ కొట్టుకుపోయిన చోటు అది. పాత దారి పోవడంతో, మేం వెళ్లినప్పుడు అక్కడ నది దాటి అవతలి ఒడ్డున కొత్త దారిలో ఎక్కాల్సి ఉండేది. అమ్మ గుర్రం ఆపించి దండం పెట్టుకుంది. చాలాసేపు మాట్లాడలేదు.

నది దాటాక తలనొప్పి మొదలైంది. నిద్ర లేకపోవడం వల్లే అనుకున్నాను. తర్వాత వాంతి అయింది. ఖాళీ కడుపు, గుర్రం కుదుపు అని సర్దిచెప్పుకున్నాను. దారిలో అమ్మే ఆక్సిజన్ క్యాన్ ఒకటి కొని పీల్చాను. రెండు నిమిషాలు హాయిగా ఉంది, మళ్లీ మామూలే. ఆ క్యాన్‌ని నమ్ముకుని ఇంకో గంట పైకి వెళ్లాను. దాన్ని నమ్ముకునే వాళ్లు చాలామందే ఉంటారు, అందుకే చెబుతున్నాను. అది కాసేపు ఊపిరి ఇస్తుంది గానీ మనం ఉన్న ఎత్తును తగ్గించదు.

లించోలీలో గుర్రం దిగితే కాళ్లు నా మాట వినలేదు. తాగినవాళ్లలా తూలాను. అమ్మే నన్ను పట్టుకుని మెడికల్ క్యాంపుకి తీసుకెళ్లింది. డాక్టర్ కుర్రవాడే. వేలికి పెట్టిన మిషన్‌లో ఆక్సిజన్ 68 చూపించింది. తర్వాత నేల మీద ఒక గీత చూపించి, ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్లు ఆనించుకుంటూ దాని మీద నడవమన్నాడు. మూడో అడుగుకే పక్కకి పడబోయాను. ఆయన ముఖం మారింది. త్వరత్వరగా ఎత్తుకు ఎక్కేయడం వల్ల మెదడులో నీరు చేరుతున్నప్పుడు ఇలా తూలు వస్తుందట. దానికి వయసుతో గానీ, ఒంట్లో బలంతో గానీ సంబంధం లేదని, రోజూ వ్యాయామం చేసేవాళ్లకీ వస్తుందని చెప్పాడు. ఇక్కడ ఆక్సిజన్ పెడతాను, మందిస్తాను, కానీ అసలు వైద్యం కిందికి దిగడమే, ఇప్పుడే దిగాలి అన్నాడు.

మేనేజర్ వచ్చి, "మేడమ్, మీరు దిగండి. అమ్మగారిని మేం జాగ్రత్తగా పైకి తీసుకెళ్తాం" అన్నాడు. నేను సరే అన్నాను. అమ్మ ఎన్నేళ్లుగా ఎదురుచూసిందో నాకు తెలుసు. అమ్మ ఆ మాట విననట్టే నా శాలువా సరిచేసి, "ఆయన ఎక్కడికీ పోడు. పద తల్లీ" అంది. మేఘాలు పట్టి పైన ఏమీ కనిపించడం లేదు. అయినా గుడి ఉన్న వైపు తిరిగి దండం పెట్టుకుని, ఇంక వెనక్కి చూడలేదు.

నన్ను నలుగురు డోలీలో మోసుకొచ్చారు. అమ్మ గుర్రం మీద వెనకాలే. దారంతా "మెలకువగా ఉన్నావా?" అని కేక వేస్తూనే ఉంది. గౌరీకుండ్ చేరేసరికి తలనొప్పి సగం తగ్గింది, గీత మీద నడవగలిగాను. డాక్టర్‌కి మళ్లీ చూపించుకుని, అమ్మ మాత్రల చీటీ ఫొటో ఫోన్‌లో ఉంటే చూపించి అవి కొన్నాం. రాత్రికి గుప్తకాశీ.

మర్నాడు లాడ్జి ఆయన విషయం విని, లోయకి అవతల ఎదురుగా కనిపిస్తున్న ఊరిని చూపించాడు. ఊఖీమఠ్. భగినీ హస్త భోజనం రోజున కేదార్‌నాథ్ తలుపులు మూశాక స్వామి పల్లకీలో వచ్చేది అక్కడి ఓంకారేశ్వర ఆలయానికే. చలికాలం ఆరు నెలలూ పూజలు అక్కడే. జీపులో వెళ్లాం. ఉషా అనిరుద్ధుల పెళ్లి అక్కడే జరిగిందని చెబుతారు, ఆ ఊరి పేరు కూడా ఉష వల్లే వచ్చిందట. ఉషా పరిణయం హరికథ అమ్మ చిన్నప్పుడు విందట, గుడి మెట్ల మీద కూర్చుని నాకు ఆ కథ మొత్తం చెప్పింది. నేను మధ్యలో ఏడ్చేశాను. నా వల్లే కదమ్మా అన్నాను. "తలనొప్పి పూర్తిగా తగ్గిందా?" అని అడిగింది. తగ్గిందన్నాను. "మరింకేంటే" అని కథలో ఆపిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం గ్రూపు దిగొచ్చింది. పక్క సీటు పెద్దావిడ మా బ్యాగు మోసుకుంటూ నేరుగా మా గదికే వచ్చారు. రద్దీ తక్కువగా ఉండి గర్భగుడిలోకి వదిలారట.

"వదినగారూ, అడక్కుండా బ్యాగు తెరిచాను, ఏమీ అనుకోకండి" అంటూ స్టీలు డబ్బా తీశారు. మీ పేరు చెప్పి స్వామికి రాశాను, ప్రసాదంగా కాస్త మిగిల్చాను అన్నారు. డబ్బా అడుగున గడ్డకట్టిన నెయ్యి కొంచెం ఉంది.

అమ్మ వేలితో తీసి ముందు నా నుదుటికి రాసింది, తర్వాత తను పెట్టుకుంది.