తెన్నేటి పార్కు బండలు: ఉదయపు చిత్రం ఎంతవరకు వచ్చింది

విశాఖలో కైలాసగిరి కింద, తెన్నేటి పార్కు మెట్లు దిగితే కనిపించే బండలను సూర్యోదయ వేళ ఫొటో తీయాలన్న ప్రయత్నం ఈ చలికాలంలో ఒక దారికి వచ్చింది. కూర్పు కుదిరింది, ఎక్స్‌పోజర్ (చిత్రానికి అందే వెలుగు మోతాదు) కుదిరింది, రంగుల దగ్గర ఇంకా కొంత పని మిగిలింది. సూర్యబింబం ఉన్న చిత్రాలు మనకు కొదవ లేదు. నాకు కావలసింది ఆ తొలి వెలుగు పడిన రాయి. అందుకే సూర్యుణ్ణి ఫ్రేములోకి రానివ్వడం లేదు.

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది కాబట్టి సముద్రం ఆగ్నేయ దిక్కున ఉంటుంది. జూన్‌లో సూర్యుడు తూర్పు నుంచి ఉత్తరానికి దాదాపు 25 డిగ్రీలు జరిగి, భీమిలి వైపు తీరానికి దగ్గరగా ఉదయిస్తాడు. డిసెంబరు, జనవరిలో దాదాపు అంతే దక్షిణానికి జరిగి నేరుగా నీటి మీద నుంచి వస్తాడు. జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. ఆరు కొట్టేసరికి ట్రైపాడ్ నిలబెట్టి ఉండాలి. కెమెరాను సూర్యుడికి కుడిగా, దాదాపు దక్షిణ ఆగ్నేయానికి తిప్పితే వెలుగు ఎడమ నుంచి రాతి మీదుగా వాలుగా పాకుతుంది. ప్రతి పగులుకూ ఒక నీడ అంచు ఏర్పడుతుంది. ఎదురు వెలుగులో ఇదే బండ నల్లటి ముద్దగా కనిపిస్తుంది.

నిలువు ఫ్రేము ఎంచుకున్నాను. కింది సగమంతా ఒకే బండ. దాని మధ్యలో ఒక పగులు కుడి మూల నుంచి సముద్రం వైపు వంకరగా పోతుంది, చూపును అదే నడిపిస్తుంది. కెమెరా మోకాలి ఎత్తులో ఉంటేనే ఈ పగులు పొడవుగా కనబడుతుంది. నిలబడి తీస్తే రాయి పరచిన చాపలా చదునైపోతుంది. ఆకాశానికి పైన పావు వంతే ఇచ్చాను. కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ ఎంత ఆకర్షించినా బయటే ఉంచాను, అది వస్తే బండను ఎవరూ చూడరు. పోర్టు బయట లంగరు వేసిన ఓడలు దిగంతం మీద కనిపిస్తూనే ఉంటాయి. ఒకదాన్ని ఉండనిచ్చాను. విశాఖ సముద్రంలో ఓడ లేకపోతే నాకు వెలితిగా ఉంటుంది.

ఈ చిత్రానికి ప్రాణం వెనక్కి మళ్లే నీరు. అల వచ్చి బండను కొట్టినప్పుడు నురుగు ముద్దగా పైకి లేస్తుంది. అందులో ఆకారం ఉండదు. అది బండ నెత్తిన ఒక్క క్షణం ఆగి, తిరిగి జారడం మొదలుపెట్టినప్పుడు చూడాలి. పగులులోకి చేరిన నీరు ఒక తెల్లటి ధారగా కిందికి దిగుతుంది. రెండు పక్కలా సన్నని పోగులు విడిపోయి, నాచు పట్టిన చోట పాయలై, నున్నటి చోట మళ్లీ కలుస్తాయి. ఆ జారుడు మొదలైన వెంటనే షట్టర్ నొక్కాలి. అర సెకను నుంచి ఒక సెకను దాకా ఉంచితే పోగులు పోగులుగానే నిలుస్తాయి. ముప్పై సెకన్లు ఉంచితే నీరంతా పొగమంచైపోతుంది. చాలామందికి అది ఇష్టమే, నాకు మాత్రం అందులో సముద్రం వినపడదు.

లెన్స్ 18 మి.మీ., అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్/11, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100. నా కెమెరా సెన్సర్ ఏపీఎస్-సీ పరిమాణానిది, అంటే ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నది. ఈ లెక్కన మీటరున్నర దూరంలో ఫోకస్ పెడితే ముప్పావు మీటరు నుంచి దిగంతం వరకు స్పష్టంగా వస్తుంది. రంధ్రాన్ని ఇంకా చిన్నది చేసి ఎఫ్/16కు వెళ్తే రాతి గరుకుదనం కొంచెం మెత్తబడుతోంది. సూర్యుడు వచ్చిన కొత్తలో లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ ఒక్కటే చాలు. తడి రాతి మీది మెరుపును తగ్గిస్తుంది, ఒకటిన్నర రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) వెలుగునూ మింగేస్తుంది కాబట్టి షట్టర్ తనంతట తానే నెమ్మదిస్తుంది. వెలుగు పెరిగాక 6 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును తగ్గించే నల్లద్దం) కావాలి. 1/60 సెకను కాస్తా ఒక సెకను అవుతుంది. అదే చోట ఆకాశం కోసం రెండు స్టాపులు తక్కువగా మరో ఫ్రేము తీసుకుంటాను. బండ మీదికి వెళ్లేముందు పది నిమిషాలు దూరంగా నిలబడి, పెద్ద అల ఎంతవరకు వస్తోందో చూసుకోవడం తప్పనిసరి. నాచు పట్టిన రాతి మీద కాలు పెట్టనే కూడదు.

ఇక రంగులు. విశాఖ చుట్టుపక్కల కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖోండలైట్ రాయి. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. అందులో గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం ఉంటుంది. గార్నెట్‌లోని ఇనుము గాలికీ నీటికీ తుప్పుపట్టే కొద్దీ రాయి ఎరుపు కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు నిలబడాలనే నా తాపత్రయం. కెమెరా తనంతట తాను రంగులు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఉదయపు వెచ్చదనాన్ని తీసేస్తుంది. అందుకని రా ఫైలును (కెమెరా మార్పులు చేయకుండా దాచిన ఫైలు) డార్క్‌టేబుల్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వైట్ బ్యాలెన్స్‌ను పగటి వెలుగుకు సరిపోయే 5500 కెల్విన్ దగ్గర మొదలుపెడుతున్నాను. అక్కడ నారింజ రంగు గాఢతను పెంచకుండా, కొద్దిగా తగ్గించి దాని వెలుగును పెంచాను. అప్పుడు తడి రాయి తడి రాయిలాగే కనిపించింది. గాఢత పెంచితే ఇటుకలా మారుతుంది. నీడలను కూడా పూర్తిగా లేపడం లేదు. పగులు లోతున నలుపు ఉంటేనే పక్కన తెల్లటి ధార వెలుగుతుంది. ఆ ధారల మీద మాత్రం గీసిన మాస్కుతో (ఎంచుకున్న చోటే మార్పు పడేలా చేసేది) వెలుగును అర స్టాపు పెంచాను. ఆకాశాన్ని గింప్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో రెండో ఫ్రేము నుంచి తెచ్చి, దిగంతానికి కాస్త పైనుంచి క్రమంగా పలచబడే మెత్తటి గ్రేడియంట్‌తో కలిపాను. నీటి దాకా దించితే రెండు ఫ్రేముల అలలు ఒకదానితో ఒకటి పొసగవు. షార్ప్‌నెస్ రాతికే, నీటికి వద్దు.

ఇంటికి రాగానే ట్రైపాడ్ కాళ్లను మంచినీళ్లతో కడగాలి. లెన్స్ మీది ఉప్పు తుంపరను ముందు తడి గుడ్డతో అద్ది, ఆ తర్వాతే తుడవాలి. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి.

ఇప్పుడు ప్రింటు వైపు వెళ్తున్నాను. 12×18 అంగుళాలకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చొప్పున 3600×5400 పిక్సెళ్లు కావాలి, నా 24 మెగాపిక్సెళ్ల ఫైలుకు అది సరిపోతుంది. తెర మీద కన్నా కాగితం మీద చిత్రం ముదురుగా వస్తుంది కనుక మానిటర్ వెలుగు తగ్గించి మళ్లీ సరిచూస్తున్నాను. ముందు బండ ఉన్న కింది భాగాన్ని మాత్రం చిన్న ముక్కగా మెరుపు లేని మ్యాట్ కాగితం మీద వేయిస్తాను. ఆ గోధుమ రంగు నిలిస్తే మొత్తం చిత్రం, లేకపోతే మళ్లీ నారింజ దగ్గరి నుంచే మొదలు.