మాడుగులలో ఏముంది?

సంక్రాంతి వెళ్లిన రెండో ఆదివారం, పొద్దున్న ఆరున్నరకు విశాఖ సీతమ్మధారలో కారెక్కుతుంటే పక్క ఫ్లాటావిడ ఎక్కడికని అడిగారు. మాడుగుల అన్నాను. "అక్కడ ఏముంది?" అన్నారావిడ. కారులో వెనక కూర్చున్న మా అమ్మాయి కూడా సరిగ్గా అదే మాట, ఇంకాస్త ఏడుపు గొంతుతో అంది. ఎనిమిదో తరగతికి వచ్చాక దానికి ఏ ఊళ్లోనూ ఏమీ ఉండటం లేదు.

ఈ అలవాటు మాకు అరకు వల్ల వచ్చింది. ఒక డిసెంబరులో అందరిలాగే మేమూ బయలుదేరి, ఘాట్ రోడ్డు మీద ముందు కారు వెనక లైట్లు చూస్తూ సగం రోజు గడిపాం. మిగతా సగం కారు నిలపడానికి చోటు వెతుక్కున్నాం. తిరిగొచ్చిన రాత్రి మా ఆయన, ఇకమీదట ఎవరూ చూడటానికి వెళ్లని ఊళ్లకే వెళ్దామన్నారు. విసుగులో అన్న మాటే గానీ నిలబడింది. అప్పటినుంచి కొత్తవలస చూశాం, శృంగవరపుకోట చూశాం, ఎలమంచిలి రెండుసార్లు చూశాం. చూశాం అంటే, అక్కడ టిఫిన్ తిని, బజారులో నడిచి, ఏదో ఒకటి కొనుక్కుని వచ్చాం.

ఎన్ఏడీ కూడలి, గోపాలపట్నం, పెందుర్తి దాటేదాకా అది ప్రయాణంలా ఉండదు, ఊరే సాగుతూ ఉంటుంది. సబ్బవరం దాటాక గానీ చెరకు తోటలు కనిపించవు. అవి కనిపించిన పది నిమిషాలకే కారు ఒక పక్కకు లాగడం మొదలుపెట్టింది. పంక్చరు.

అదృష్టం, అర కిలోమీటరు లోపే వేపచెట్టు కింద ఒక పంక్చరు దుకాణం ఉంది. అతను టైరు మీద సబ్బునీళ్లు పోసి, బుడగలు లేచిన చోట పట్టకారు పెట్టి లాగాడు. వంకర తిరిగిన చిన్న మేకు వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఎద్దు నాడా మేకు బాబూ" అని మా అబ్బాయికి చూపించాడు. వాడికి ఎద్దులకు నాడాలు వేస్తారన్న సంగతే తెలియదు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి నాడా కూడా రెండు ముక్కలుగా వేస్తారని, చెరకు బళ్లు తిరిగే రోజుల్లో ఈ మేకులు రోడ్డు మీద రాలుతూనే ఉంటాయని అతను చెప్పుకుపోయాడు. చెబుతూనే రంధ్రంలో జిగురు పుల్ల దూర్చి, మిగిలిన కొసను బ్లేడుతో కోసేశాడు. మేకు మావాడి జేబులోకి వెళ్లింది. ఈలోగా అత్తయ్య పక్క పొలంలో చెరకు కొడుతున్నవాళ్లతో మాట కలిపి రెండు గడలు సంపాదించారు. ఆవిడకు పళ్లు గట్టివి. పిల్లలకు చెరకు నమలడం చేతగాదని ఆ రోజే తెలిసింది.

చోడవరంలో పెసరట్టు ఉప్మా, పూరీ. పూరీకి బొంబాయి చట్నీ ఇచ్చారు. శనగపిండితో పలుచగా, పచ్చిమిర్చి ఘాటుతో చేసే ఈ చట్నీ మా వైపు పూరీకి విడదీయరాని తోడు. ఊళ్లో స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ఉంది. విగ్రహం సగమే భూమి పైకి కనిపిస్తుంది. "మిగతా సగం ఎక్కడ?" అని మావాడు పూజారిని అడిగితే ఆయన నవ్వి చేతిలో ఉండ్రాయి పెట్టారు.

వడ్డాదిలో ఆగలేదు. ఒకప్పుడు ఒడ్డాది మత్స్యవంశ రాజుల రాజధాని అదేనని మా ఆయన కారు నడుపుతూనే చెప్పారు. మా అమ్మాయి కిటికీలోంచి చూసి, "ఇదా?" అంది. అరటిగెలల బండి, ఎరువుల దుకాణం, ఫ్లెక్సీలు. రాజధానులన్నీ చివరికి ఇలాగే అవుతాయేమో, చెప్పలేం.

మాడుగుల దగ్గరపడుతుంటే కొండలు ఒక్కసారిగా ఎదురొస్తాయి. ఆ రోడ్డే పైకెక్కి పాడేరు పోతుంది. బళ్లు చాలావరకు ఊరిని దాటుకుని అటే పోతున్నాయి. మేం ఆగాం. హల్వా దుకాణాలు పక్కపక్కనే ఉన్నాయి, ఏది అసలుదో ఎవరినడిగినా తమదే అంటారు. నూరేళ్లు దాటిన వంటకం. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను పులియనిచ్చి, పంచదారతో కట్టెల పొయ్యి మీద గంటల తరబడి కలుపుతారు. తర్వాత నెయ్యి, జీడిపప్పు. మాకు దొరికిన ముక్క ముదురు గోధుమరంగులో, వేలితో నొక్కితే నెయ్యి ఊరుతూ ఉంది. నమిలే పనే లేదు, నాలుక మీద పెట్టి ఊరుకుంటే చాలు.

"మా రోజుల్లో పెళ్లయితే కొత్త దంపతుల గదిలో ఇదే పెట్టేవారు" అన్నారు అత్తయ్య, దుకాణం నిండా జనం ఉండగా.

"ఎందుకు నాన్నమ్మా?" అంది మా అమ్మాయి.

"బలానికి."

మా ఆయన ఫోను తీసి ఏదో చూసుకోవడం మొదలుపెట్టారు.

బజారులో ఒక స్టీలు సామాన్ల దుకాణం ముందు మా అమ్మాయి ఆగిపోయింది. గిన్నెల మీద పేర్లు చెక్కే చిన్న మిషను అది. తాత ఒకాయన గ్లాసును ఒళ్లో పెట్టుకుని, జుయ్యిమని చప్పుడు చేసే మొనతో చుక్కల అక్షరాలు పేర్చుకుంటూ పోతున్నాడు. కింద గీత గీయలేదు, కొలత పెట్టలేదు, అయినా వరుస చెదరలేదు. మా ఇంట్లో అమ్మమ్మ ఇచ్చిన ప్రతి గిన్నె మీదా ఇలాంటి అక్షరాలే ఉంటాయి, అవి ఎవరో కూర్చుని చెక్కినవని దానికి తట్టలేదట. ఒక గ్లాసు కొని దాని పేరు రాయించుకుంది. ఇంటిపేరు కూడా రాయమంది. తాత "చోటు చాలదమ్మా" అని పొడి అక్షరం వేసి ముగించాడు.

తిరుగు ప్రయాణం అనకాపల్లి మీదుగా. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ ఊళ్లన్నీ అనకాపల్లి జిల్లా. అత్తయ్య మాత్రం ఇప్పటికీ "మన విశాఖ జిల్లా" అనే అంటారు, మేమూ దిద్దడం మానేశాం. చోడవరం దాటాక రోడ్డు పక్కన పొగ కనిపించి కారు ఆపమన్నది కూడా ఆవిడే. బెల్లం పెనం.

నేను పుట్టి పెరిగింది విశాఖలోనే. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి మా ఊరికి గంట దూరంలో ఉంది. అయినా బెల్లం వండటం చూడటం అదే మొదలు. ఒక పక్క గానుగ చెరకు మింగి పిప్పి ఉమ్ముతోంది. ఎండిన పాత పిప్పినే ఒకామె పొయ్యిలోకి తోస్తోంది, బయటి కట్టె అవసరమే లేదు. మంచమంత పెనంలో రసం తెర్లుతోంది. సున్నం వేసినకొద్దీ మురికి తెట్టుగా పైకి తేలుతుంటే జల్లి గరిటెతో తీసి పారేస్తున్నారు. పెనం దగ్గర నిలబడ్డ పెద్దాయన మాతో మాట్లాడుతూనే కళ్లు మాత్రం నురగ మీదే ఉంచాడు. ఉన్నట్టుండి గరిటె కొసనుంచి ఒక బొట్టు డబ్బాలోని చన్నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, ఆ ఉండను డబ్బా అంచుకు కొట్టాడు. టక్కుమంది. అంతే, నలుగురు పరుగెత్తుకొచ్చి పెనం దించేశారు. ఇంకో నిమిషం ఆలస్యమైతే మాడిపోతుందట.

బెల్లం ముదురు రంగులో ఉంది. బజారులో చూసే పసుపు రంగు ఎందుకు లేదని అడిగాను. తెల్లగా రావాలంటే హైడ్రోస్ అనే మందు వేస్తారని, నల్లదానికి మార్కెట్లో ధర రాదని చెప్పాడు. "మరి మీరు ఏది తింటారు?" అన్నారు అత్తయ్య. "నల్లదే" అన్నాడు.

ఆ నల్లదే ఐదు కిలోల దిమ్మ కొన్నాం. ఇంకా వేడిగా ఉంది. కాగితంలో చుట్టి మా అబ్బాయి కాళ్ల దగ్గర పెడితే, లంకెలపాలెం వచ్చేసరికి వాడు చెప్పులు విప్పి దాని మీద పాదాలు పెట్టుకుని నిద్రపోయాడు. గాజువాకలో ట్రాఫిక్ మామూలే.

బెల్లాన్ని ఆ రాత్రే డబ్బాలోకి ఎక్కించాం గానీ, కారులో రాలిన పొడి సంగతి ఎవరికీ గుర్తులేదు. బుధవారం మా ఆయన ఆఫీసుకు బయలుదేరి, స్టీరింగు మీద చీమల బారు చూసి వెనక్కొచ్చారు. అబ్బాయి చీపురు పట్టుకుని కిందికి పరుగెత్తాడు, ఊడవడానికి కాదు. ఎద్దు నాడా మేకు సీటు కింద పడిపోయిందట, చీమలు ఎత్తుకుపోకముందే వెతకాలట.